ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, ఉదయగిరి కొండ, ఒక బెండు ముక్క

ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ అనగానే మన ఐటీ జనాభాకి గుర్తొచ్చేది ఒకటే. జీతం కాస్త పెరగ్గానే కొనుక్కుని, ఒకసారి లదాఖ్ వెళ్ళొచ్చి, ఆ తర్వాత అపార్టుమెంటు సెల్లార్లో దుమ్ము కొట్టుకుపోయే డుగుడుగు బండి. ఆ బండికి ఆ పేరు ఎలా వచ్చిందో మాత్రం చాలామంది పట్టించుకోరు. ఎన్‌ఫీల్డ్ అనేది లండన్ పక్కన ఒక ఊరు. అక్కడ బ్రిటిష్ ప్రభుత్వ తుపాకుల కార్ఖానా ఉండేది. ఆ కార్ఖానాకి విడిభాగాలు సరఫరా చేసిన సైకిళ్ళ కంపెనీ ఆ గొప్ప చెప్పుకోడానికి ఎన్‌ఫీల్డ్ పేరు తగిలించుకుంది. తర్వాత మోటారు బండ్లు చేసి, 1930ల్లో ఒక మోడల్‌కి బుల్లెట్ అని పేరు పెట్టింది. అదన్నమాట సంగతి.

నేను రాయబోయేది బండి గురించి కాదు, అంతకు ముందటి ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ గురించి. అంటే నిజం బుల్లెట్, సీసపు గుండు. దానికీ మనకీ ఏం సంబంధం అంటారా? చాలా ఉంది. దాని డిజైన్ వెనకున్న కిటుకు దక్షిణ భారతంలో పుట్టిందని ఒక ఇంగ్లీషు ఆఫీసరే చెప్పాడు. అది మెరుగులు దిద్దుకుని మళ్ళీ మనదేశానికే వచ్చి 1857 తిరుగుబాటుకి నిప్పు అంటించింది. దాని తాలూకు భయం మన చట్టంలో ఇవాళ్టికీ ఒక వాక్యంగా మిగిలిపోయింది. నా ఉద్దేశంలో మన చరిత్ర పాఠాలు ఇందులో ఒక్క ఆవుకొవ్వు, పందికొవ్వు సంగతి మాత్రం చెప్పి మిగతాదంతా వదిలేశాయి.

ముందు మా ఊరి వైపు నుంచి మొదలుపెడతాను. మాది నెల్లూరు జిల్లా మెట్ట. నెల్లూరంటే మొలగొలుకులూ, చేపల పులుసూ అనుకునేవాళ్ళు ఒకసారి ఆత్మకూరు దాటి ఉదయగిరి వైపు రావాలి. పచ్చదనం తగ్గిపోయి, రాళ్ళూ తుమ్మచెట్లూ మొదలై, పడమటి దిక్కున వెలికొండలు గోడలా లేస్తాయి. ఉదయగిరి దుర్గం ఉన్న కొండ ఎత్తు సుమారు 3,000 అడుగులు. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటని పట్టుకోడానికి శ్రీకృష్ణదేవరాయలంతటి వాడికి ఏడాదిన్నర ముట్టడి పట్టింది, 1514లో గానీ లొంగలేదు. కారణం సింపుల్. కింద ఉన్నవాడి ఆయుధం పైదాకా రాదు, పైనున్నవాడు కొండరాయి దొర్లించినా చాలు.

ఆ కోట తర్వాత గోల్కొండ వాళ్ళకి వెళ్ళి, చివరికి ఒక జాగీరుగా మిగిలింది. 1839లో కుంపిణీ ప్రభుత్వం ఉదయగిరి జాగీర్దారు మీద రాజద్రోహం మోపి, జాగీరు లాగేసుకుని, ఆయన్ని చెంగల్పట్టుకు పంపించేసింది. అదే ఏడాది అక్టోబరులో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కూడా అలాగే పోయాడు. కర్నూలు కోటలో కుంపిణీ వాళ్ళు వెతికితే తోటల్లో, జనానాలో దాచిపెట్టిన ఫిరంగులు వందల్లో బయటపడ్డాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. 1839లో కుంపిణీ సిపాయి చేతిలో ఉన్న తుపాకీకీ, మన జాగీర్దారు మనిషి చేతిలో ఉన్న తుపాకీకీ తేడా ఎంత? కుంపిణీ వాడిది చెకుముకి తుపాకీ, మనవాడిది చాలాసార్లు వత్తి తుపాకీ. నిప్పు అంటించే పద్ధతి వేరు. కానీ గొట్టం రెండింటిదీ ఒకే రకం. లోపల నున్నగా ఉంటుంది. మూతిలోంచి మందు పొయ్యాలి, గుండు వెయ్యాలి, కడ్డీతో దట్టించాలి. గుండు గోళీలాగా గుండ్రంగా ఉంటుంది. మావైపు కొండ పల్లెల్లో నాటు తుపాకీ అంటే ఇప్పటికీ ఇదే సూత్రం.

ఈ నున్న గొట్టంతో సమస్య ఏమిటంటే, గుండు గొట్టం కన్నా బాగా చిన్నదిగా ఉండాలి. లేకపోతే లోపలికి దిగదు. నల్లమందు కాలితే సగానికి పైగా మసీ మడ్డీగా మిగులుతుంది. పది సార్లు కాల్చేసరికి గొట్టం లోపల గారపట్టినట్టు అవుతుంది. అందుకని బ్రిటిష్ వాళ్ళ బ్రౌన్ బెస్ తుపాకీకి గొట్టం 0.75 అంగుళం అయితే గుండు 0.69 అంగుళమే. ఆ సందులోంచి పొగా, ఒత్తిడీ కారిపోతాయి. గుండు గొట్టం గోడలకి అటూ ఇటూ కొట్టుకుంటూ, బయటికొచ్చేటప్పుడు చివర్లో ఏ గోడకి తగిలిందో దాన్నిబట్టి దాని దారి. వంద గజాలు దాటితే మనిషికి గురిపెట్టి కొట్టడం దాదాపు లాటరీ. అందుకే వరసలు కట్టి, దగ్గరగా నిలబడి, అందరూ ఒకేసారి పేల్చేవాళ్ళు.

మరి గురి కుదరాలంటే? గొట్టం లోపల మర చెక్కాలి. నట్టు లోపల మర ఉంటుందే, అలా మెలి తిరిగిన గాడులన్నమాట. గుండు ఆ గాడుల్ని పట్టుకుని బొంగరంలా తిరుగుతూ బయటికి వస్తే నిటారుగా దూసుకుపోతుంది. ఇది యూరపులో వందల ఏళ్ళ నుంచీ తెలిసిన విద్యే. కానీ గాడుల్ని పట్టుకోవాలంటే గుండు బిగుతుగా ఉండాలి. బిగుతుగా ఉంటే మూతిలోంచి దిగదు, సుత్తితో కొట్టి దింపాలి. నున్న తుపాకీ వాడు నిమిషానికి మూడుసార్లు పేల్చే లోపల మర తుపాకీ వాడు ఒక్కసారి పేలిస్తే గొప్ప. వేటగాడికి పర్వాలేదు, యుద్ధంలో ఉన్నవాడికి ప్రాణాల మీదికి వస్తుంది.

మన భాషలో చెప్పాలంటే రిక్వైర్‌మెంట్లు రెండూ ఒకదానికొకటి విరుద్ధం. లోడ్ టైములో గుండు చిన్నదిగా ఉండాలి, రన్ టైములో పెద్దదిగా ఉండాలి. సైజు ఫిక్స్ చేసి కూర్చుంటే ఈ సమస్య జన్మలో తెగదు.

ఇప్పుడు కథలోకి మనవాళ్ళు వస్తారు. జాన్ నార్టన్ అని బ్రిటిష్ సైన్యంలో 34వ రెజిమెంటు కెప్టెన్ ఒకడు దక్షిణ భారతంలో పనిచేశాడు. ఇక్కడి వేటగాళ్ళు ఊదే గొట్టాలతో పిట్టల్ని కొట్టడం చూశాడు. పొడవాటి గొట్టంలో చిన్న బాణం పెట్టి నోటితో ఊదడం. ఆ బాణాన్ని తీసి చూస్తే వెనక కొసకి మెత్తటి బెండు ముక్క ఉంది, తామర తూడు బెండు అంటారు. మన పెళ్ళిళ్ళలో బాసికాలకి వాడే జీలుగు బెండు తెలుసుగా, అలాంటి తేలికపాటి సరుకు. బాణం గొట్టంలోకి సులువుగా జారుతుంది. ఊదగానే ఊపిరి ఒత్తిడికి ఆ బెండు ఉబ్బి గొట్టం గోడలకి అతుక్కుంటుంది. గాలి పక్కనించి కారిపోదు, ఒత్తిడి మొత్తం బాణం మీదే పడుతుంది.

చూశారా? లోడ్ టైములో చిన్నది, రన్ టైములో పెద్దది. యూరపు ఇంజనీర్లు తలపట్టుకున్న ప్రశ్నకి జవాబు ఒక పిట్టల వేటగాడి చేతిలో ఉంది.

నార్టన్ ఈ కిటుకుని 1820-30ల మధ్య సీసంలోకి దించాడు. ముందు కోసుగా, వెనక బోలుగా ఉండే గుండు. మందు పేలినప్పుడు వాయువులు ఆ బోలులోకి తన్ని, మెత్తటి సీసాన్ని బయటికి ఉబ్బిస్తాయి. అప్పుడది గాడుల్లోకి ఎక్కి కూర్చుంటుంది. బ్రిటిష్ ఆయుధశాఖ వాళ్ళు వద్దుపొమ్మన్నారు. సైన్యానికి గుండ్రటి గుండే తగినది అనేది వాళ్ళ వాదన. తర్వాత విలియం గ్రీనర్ అనే తుపాకుల తయారీదారు 1830ల మధ్యలో గుండు వెనక బిరడా పెట్టి ఇదే సూత్రం చూపించాడు. రెండు ముక్కలుగా ఉంది, సైన్యానికి పనికిరాదు అని అదీ తిప్పికొట్టారు.

ఈలోగా ఫ్రాన్సులో వేరే దారి పట్టారు. డెల్విన్ అనే ఆఫీసరు 1826లో గొట్టం అడుగున ఒక అంచు కట్టి, దాని మీద గుండుని కడ్డీతో గట్టిగా బాది వెడల్పు చేశాడు. తువనాఁ అనే మరో ఆఫీసరు అడుగున ఒక ఇనప మొల నిలబెట్టి, దాని మీద బాదించాడు. పనిచేసింది గానీ బాదే బాధ తప్పలేదు, బాదితే గుండు ఆకారమూ చెడిపోయేది. చివరికి 1849లో మినియే అనే కెప్టెన్ కోసు గుండు వెనక బోలులో ఒక ఇనప గిన్నె పెట్టాడు. పేలుడుకి ఆ గిన్నె ముందుకి దూసుకెళ్ళి సీసాన్ని విప్పారుస్తుంది. ఇక బాదక్కర్లేదు. మూతిలో వేస్తే జారిపోతుంది, పేలిస్తే బిగుసుకుంటుంది.

అప్పుడు బ్రిటిష్ ప్రభుత్వానికి జ్ఞానోదయం అయింది. మినియేకి 20,000 పౌన్లు ఇచ్చి డిజైన్ తీసుకుంది. గ్రీనర్ మొర పెట్టుకోగా పెట్టుకోగా, ఆ సూత్రాన్ని ముందే చెప్పినందుకు 1857లో 1,000 పౌన్లు విదిల్చింది. బెండు ముక్క పెట్టుకున్న మన వేటగాడి పేరు కూడా ఎవరూ రాసుకోలేదు. సాఫ్ట్‌వేరు పేటెంట్ల గొడవల్లో అంతకు ముందే ఎవరు చేశారు అని లాయర్లు తవ్వుతుంటారు చూడండి, ఈ కేసులో అలా తవ్వితే తేలేది దక్షిణాది అడవిలోనే.

మినియే గుండుకీ ఒక బగ్గు ఉంది. అప్పుడప్పుడూ ఆ ఇనప గిన్నె సీసాన్ని చీల్చుకుని ముందుకెళ్ళిపోయేది, సీసం ఉంగరంలా గొట్టంలోనే ఇరుక్కుపోయేది. అమెరికాలో హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో జేమ్స్ బర్టన్ గిన్నె తీసేసి, బోలు గోడలు పల్చగా చేస్తే వాయువుల ఒత్తిడే చాలునని చూపించాడు. 1861-65 అమెరికా అంతర్యుద్ధంలో వేలమంది కాళ్ళూ చేతులూ కోయించింది ఆ గుండే. మెత్తటి పెద్ద సీసపు గుండు ఎముకకి తగిలితే ఎముక నుగ్గే. ఇంగ్లండులో ప్రిచెట్ అనేవాడు కూడా గిన్నె లేని గుండే చేశాడు. తర్వాత 1855 ప్రాంతంలో బోలులో బాక్స్‌వుడ్ అనే గట్టి చెక్కతో చేసిన బిరడా చేర్చారు. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే పనివాళ్ళున్నారు, ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అలాంటి పనివాళ్ళకి ఈ బిరడా చూపిస్తే ఏ చెక్క పగలదో, ఏది ఉబ్బదో మనకన్నా బాగా చెప్తారు.

ఈ గుండు కోసం చేసిన తుపాకీయే 1853 మోడల్ ఎన్‌ఫీల్డ్. గొట్టం 0.577 అంగుళం, గుండు 0.568. తేడా పావు మిల్లీమీటరు కూడా లేదు. బ్రౌన్ బెస్‌లో ఆ తేడా మిల్లీమీటరున్నర. గురి చూసే పలకమీద 900 గజాల దాకా గుర్తులు. అంటే వందగజాల తుపాకీ పోయి తొమ్మిది వందల గజాల తుపాకీ వచ్చింది. రాయల్ని ఏడాదిన్నర ఆపిన కొండలాంటి వాటి మీద నిలబడి ఇక ధీమాగా ఉండటం కష్టం.

అయితే గుండు అంత బిగుతుగా ఉన్నప్పుడు గొట్టంలో మడ్డి పట్టకుండా జిడ్డు కావాలి. మనం ఇప్పుడు తూటా అంటే బుల్లెట్ అనుకుంటాం గానీ, అప్పట్లో తూటా అంటే మందూ గుండూ కలిపి చుట్టిన కాయితం పొట్లం. ఒక కొసన మందు, రెండో కొసన గుండు. గుండు ఉన్న కొసకి కొవ్వూ మైనమూ కలిపి పూసేవాళ్ళు. సిపాయి మందు ఉన్న కొసని పళ్ళతో కొరికి, మందు గొట్టంలో పోసి, పొట్లం తిప్పి జిడ్డు కాయితంతో సహా గుండుని మూతిలో పెట్టి, మిగతా కాయితం చించి, దట్టించాలి. కొరికే కొసా, జిడ్డు కొసా వేర్వేరు అని డిజైనర్ వాదించొచ్చు. కానీ మన ఎండల్లో కొవ్వు ఒక కొసనే బుద్ధిగా కూర్చుంటుందా? అదే పొట్లం, అవే వేళ్ళు, అదే నోరు.

ఆ కొవ్వు ఏ జంతువుది అని స్పెసిఫికేషన్లో లేదు. కొవ్వు అని మాత్రమే ఉంది. ఇది ఎవరికీ తట్టలేదా అంటే, తట్టింది. మన వాతావరణానికి తట్టుకుంటాయో లేదో చూద్దామని 1853లో కొన్ని తూటాలు ఇండియాకి పంపారు. బెంగాల్ సైన్యంలో కర్నల్ టక్కర్ అనే పెద్ద అధికారి అదే ఏడాది పైకి రాశాడు, సిపాయిల కులమతాలకి అడ్డురాని జిడ్డే అని తేలితే తప్ప వీటిని వాళ్ళకి ఇవ్వొద్దని. మన పరిభాషలో అది టెస్టింగు దశలోనే నమోదైన, అత్యంత తీవ్రమైన బగ్గు. దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. టెస్టు చేసినవాళ్ళు కొవ్వు కరుగుతుందా లేదా అని చూశారు. నోట్లో పెట్టుకునేవాడి సంగతి వాళ్ళ చెక్‌లిస్టులో లేదు.

1857 జనవరిలో కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో పుకారు మొదలైంది. అదే నెలలో హడావుడిగా, మీ జిడ్డు మీరే పూసుకోండి, నెయ్యో మైనమో మీ ఇష్టం అన్నారు. తర్వాత పళ్ళతో వద్దు, చేత్తో చించండి అన్నారు. అప్పటికే ఆలస్యం అయింది. ఏమీ లేకపోతే ఎందుకు మారుస్తున్నారు అని సిపాయిలు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. మార్చి 29న మంగళ్ పాండే తుపాకీ ఎత్తాడు. ఆయనది 34వ బెంగాల్ దేశీ పదాతి దళం. ఊదే గొట్టాన్ని చూసిన నార్టన్‌ది 34వ బ్రిటిష్ రెజిమెంటు. రెండూ వేర్వేరు సైన్యాలు, నంబరు కలవడం కాకతాళీయమే, అయినా రాయకుండా ఉండలేకపోయాను. మే 10న మీరట్, ఆ మర్నాడు ఢిల్లీ.

ఇంకో విషయం. ఢిల్లీలో ఆ తిరుగుబాటు సిపాయిల్ని జనం ఏమని పిలిచేవాళ్ళో తెలుసా? తిలంగాలు. అంటే తెలుంగులు. వాళ్ళు అవధ్, బీహారు వాళ్ళు, ఒక్క తెలుగు ముక్క రాదు. కానీ వంద ఏళ్ళ క్రితం క్లైవు బెంగాలుకి తీసుకెళ్ళిన తొలి సిపాయిల్లో మద్రాసు వైపు నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళు ఎక్కువ. అప్పట్నుంచీ ఎర్రకోటు తొడిగిన ప్రతివాడికీ ఆ పేరే స్థిరపడిపోయింది. మద్రాసు సైన్యం 1857లో చాలామటుకు కదల్లేదు. పేరు మాత్రం మనది వాడుకున్నారు.

ఇకపోతే తిరుగుబాటు అణిచేశాక బ్రిటిష్ వాళ్ళు ఏం చేశారనేది నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం. పాఠాలు నేర్చుకున్నారు. కాకపోతే ఎవరి కోసం నేర్చుకున్నారో చూడాలి. ఇండియా ఎండావానల్లో తూటాలు ఉబ్బి గొట్టంలో ఇరుక్కుంటున్నాయని 1859లో గుండు సైజు 0.568 నుంచి 0.55కి తగ్గించారు. జంతువుల కొవ్వు మానేసి తేనెమైనం వాడారు. మెట్టలో పుట్టినవాడిగా చెప్తున్నాను, వెలికొండల్లో తేనెపట్టుకి ఎప్పుడూ కొదవ లేదు. 1853లోనే అడిగి ఉంటే ఏ పల్లె మనిషైనా ఈ మాట చెప్పేవాడు. ఇవన్నీ తెల్ల సైనికుడి తుపాకీకి.

మన సిపాయి తుపాకీకి చేసింది వేరు. అదే ఎన్‌ఫీల్డ్ తీసుకుని, గొట్టం లోపలి మరని తొలిచేసి నున్నగా చేశారు. 0.577 అంగుళం గొట్టం 0.656 అయింది. 900 గజాల గురి పలక తీసేసి ఒక దిమ్మ పెట్టారు. బయట నుంచి చూస్తే ఎన్‌ఫీల్డే, లోపల మళ్ళీ గుండ్రటి గుండు వేసే పాత నున్న గొట్టం. దీన్నే 1858 మోడల్ అన్నారు. తొలిచేసరికి గొట్టం గోడ పల్చబడి, ఉబ్బడం, వంగడం మొదలైతే 1859లో మందపాటి గొట్టంతో ఇంకో మోడల్ చేశారు. అంటే డబ్బు ఖర్చుపెట్టి, కార్ఖానా నడిపి, కావాలని తక్కువ రకం సరుకు తయారు చేశారు. ఇప్పుడు మనం కొనే సాఫ్ట్‌వేర్లలో ఫీచరు లోపలే ఉన్నా, నీ లైసెన్సుకి రాదు అని మూసేస్తారే, అలాంటిదే. ఇక్కడ మూయలేదు, ఏకంగా తొలిచేశారు.

నాకనిపించేది ఏమిటంటే, 1853లో టక్కర్ ఉత్తరాన్ని పక్కన పడెయ్యడం, 1858లో మరని తొలిచెయ్యడం రెండు వేర్వేరు నిర్ణయాలు కావు. తుపాకీ పట్టుకునేవాడిని మనిషిగా లెక్కలోకి తీసుకోకపోవడం మొదటిది. ఆ మనిషి ఎదురు తిరిగాక, సర్దుకోవాల్సింది తను కాదు, వాడి తుపాకీ అనుకోవడం రెండోది. మన ఆఫీసుల్లో కూడా చూస్తుంటాం. యూజర్ ఫిర్యాదు చేస్తే వాడి మాట వినడం మానేసి వాడి పర్మిషన్లు తగ్గించే సంప్రదాయం పాతదే.

మూతిలోంచి దట్టించే రైఫిళ్ళ కాలం ఎక్కువ రోజులు నడవలేదు. 1866లో ఎన్‌ఫీల్డుల వెనక భాగం కోసి, వెనక నుంచి తూటా పెట్టే స్నైడర్ పద్ధతి తెచ్చారు. ఉబ్బే గుండు అవసరం క్రమంగా తీరిపోయింది. తర్వాత 1878లో లిట్టన్ హయాంలో ఆయుధాల చట్టం వచ్చింది. భారతీయుడికి లైసెన్సు కావాలి, యూరోపియనుకి అక్కర్లేదు. 1839లో జాగీర్దారు మనిషికీ కుంపిణీ సిపాయికీ మధ్య నిప్పు అంటించే పద్ధతి మాత్రమే తేడా అన్నాను కదా. నలభై ఏళ్ళలో ఆ తేడా గొట్టంలోకీ, గుండులోకీ, చివరికి చట్టంలోకీ వచ్చేసింది.

స్వతంత్రం వచ్చాక 1959లో మనం మన ఆయుధాల చట్టం రాసుకున్నాం. తెల్లవాడు, నల్లవాడు అనే తేడా పోయింది. కానీ ఓపిగ్గా 13వ సెక్షన్ చదవండి. ఆత్మరక్షణకో వేటకో 20 అంగుళాలకి తక్కువ కాని నున్న గొట్టం తుపాకీ అయితే లైసెన్సు ఇవ్వాలనీ, పంట కాపాడుకోడానికి మూతిలోంచి దట్టించే తుపాకీ అయితే ఇవ్వాలనీ ఒక వాక్యం ఉంటుంది. మర ఉన్న గొట్టానికి ఆ సదుపాయం లేదు, దానికి వేరే గట్టి కారణం చూపించాలి. నేను తుపాకులు సులువుగా దొరకాలనే రకం కాదు, ఆ నిబంధన ఇప్పుడు ఉండటమే మంచిదనుకుంటాను. కానీ ఆ గీత మొదట ఎవరు, ఎవరిని చూసి భయపడి గీశారో తెలియకుండా ఆ వాక్యం చదవడం వేరు, తెలిసి చదవడం వేరు.

అడవిపందులు వేరుశనగ చేలు తవ్వేస్తున్నాయని ఉదయగిరి వైపు రైతు ఎవరైనా ఇవాళ చట్టప్రకారం దరఖాస్తు పెట్టుకుంటే, పంట రక్షణకి చట్టం ముందుగా ఇవ్వాలనేది మూతిలోంచి దట్టించే తుపాకీనే. అంటే 1839 నాటి జాగీర్దారు మనిషి చేతిలో ఉన్న రకమే. ఈ మధ్యలో నడిచిన కథంతా, నార్టన్, మినియే, ఎన్‌ఫీల్డ్, మంగళ్ పాండే, ఆ రైతు చేను పక్కనించి వెళ్ళిపోయింది. దానికి మొదటి కిటుకు అందించిన బెండు ముక్క మాత్రం ఇక్కడిది.